బాపు రూము ఫోటో

దుబాయ్ నుంచి తిరిగొచ్చాక మా బడి స్టాఫ్ రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "ఆ ఎత్తు బిల్డింగు ఎక్కినవా మేడమ్?" ఎక్కలేదు. కారు కిటికీలోంచి రెండుసార్లు చూశాను, రెండోసారి పొగమంచులో సగమే కనిపించింది. బంగారం తెచ్చావా అన్నది రెండో ప్రశ్న. అదీ లేదు. మరి ఎందుకు పోయినట్టని వాళ్లు మొహాలు చూసుకున్నారు. నలుగురు మనుషుల ఫోటో తీసుకురావడానికి పోయానంటే సోషల్ సారు నవ్వాడు. ఆయన నవ్వినందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

మా జగిత్యాల వైపు నాన్నను బాపు అంటాం. మా బాపు రాజలింగం ఇరవై ఏళ్లకు పైగా దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేశాడు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండి పోయేవాడు. కరోనా ఏడాది కంపెనీ పనులు ఆగిపోతే ఒక్క సంచితో ఇల్లు చేరాడు. కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. తర్వాత మతిమరుపు మొదలైంది. ముందు కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు, తర్వాత మనుమల పేర్లు, ఆ తర్వాత ఇల్లే మర్చిపోయాడు.

ఆ ఇల్లు ఆయన పంపిన పైసలతో కట్టిందే. "ఎవలి విల్లా ఇది? స్లాబు మంచిగ పోసిండ్రు" అని మెచ్చుకుంటాడు. పొద్దు వాలగానే చెప్పులేసుకొని గేటు దగ్గర నిలబడతాడు. "మేడమ్, పని ఖలాస్. నేను రూముకు పోత" అంటాడు. ఆ మేడమ్ మా అమ్మ. ఆ మాట మొదటిసారి విన్నరోజు అమ్మ వంటింట్లోకి పోయి, పప్పు మాడు వాసన వచ్చినా పొయ్యి ఆపలేదు.

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. కంచం ముందు పెడితే, "పోచన్న రానీ, గంగన్న రానీ, అందరం కూసున్నంక తింట" అంటాడు. వాళ్లు దుబాయ్‌లో ఆయన రూము వాళ్లు, ఇక్కడికెక్కడ వస్తారు? రోజుకు రెండు బిస్కెట్లు, ఇంత చాయ్. ఎముకల గూడు అయిపోయాడు. డాక్టరు, "ఆయన మనసుల ఇల్లంటే ఆ రూమే. ఆ మనుషుల మొహాలు కండ్ల ముందు పెట్టి చూడుండ్రి. ఇట్లనే ఉంటే ముక్కుల పైపు వెయ్యాల్సి వస్తది" అన్నాడు.

వీడియో కాల్ చేసి చూశాం. గంగన్న అవతలినుంచి "ఓ లింగన్నా" అని పిలవగానే బాపు లేచి గేటు దాటి నడిచాడు. బస్టాండు దగ్గర దొరికాడు. ఫోటో అయితే పిలవదు. కానీ ఆయన ఇన్నేళ్లలో పంపిన ఫోటోలన్నీ వెతికితే ఎవరిదో కారుకు ఆనుకొని, ఫౌంటెన్ ముందు, అరువు కోటుతో బాపు ఒక్కడే. రూముది ఒక్కటీ లేదు. ఆ రూము ఖాళీ అయింది, ముగ్గురు అదే క్యాంపులో తలో గదిలో, పోచన్న వేరే ఊళ్లో ఉన్నారు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి ఫోటో తీయాలంటే ఎవరో ఒకరు పోవాలి. ఉన్న సెలవులన్నీ పోగేసుకొని నేనే పోయాను.

ఇంగ్లాండులో కాపురం, చైనాలో కిరాణా

మా పెద్దమ్మ కూతురు స్వరూపక్క, బావ ఇంటర్నేషనల్ సిటీలో ఉంటారు. ఇద్దరివీ ఆఫీసు ఉద్యోగాలు. అక్కడ ఒక్కో బిల్డింగుల గుంపుకు ఒక్కో దేశం పేరు. అక్క వాళ్లు ఇంగ్లాండులో ఉంటారు, సామాన్లకు చైనాకు పోతారు, వాళ్ల కుట్టుపని మనిషి మొరాకోలో ఉంటుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, చెప్పులుంటే చాలు.

అక్క ఇల్లు చూసి నా ఇల్లు ఎంత పెద్దదో తెలిసొచ్చింది. ఒక పడక గది వాళ్లది, హాల్లో పరదా కట్టి సగం ఇంకో జంటకు అద్దెకిచ్చారు. నేను తడిబట్టలు బాల్కనీ గోడ మీద ఆరేయబోతే అక్క పరుగెత్తుకొచ్చింది. "అమ్మో, జరిమానా ఏస్తరే!" మన దగ్గర బట్టలు ఆరేయకపోతే ఇంట్లో మనుషులు లేరేమో అనుకుంటారు. కింద చిన్న హోటల్లో కరక్ చాయ్ దిర్హమున్నర. కండెన్స్‌డ్ పాలు, ఇలాచి వేసి మరిగించి మరిగించి ఇస్తారు. మొదటిరోజు మొహం చిట్లించాను, మూడోరోజుకు దానికోసమే కిందికి దిగాను.

అక్క నా పని సంగతంతా విన్నది. "మీ బాపుకు ఇల్లంటే క్యాంపు రూమా? మీరు కాదా?" అంది. ఆ మాట నాకు విమానంలోనే తట్టింది. తట్టి, నాలుగు గంటలు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మేము ఆయన కోసం ఎదురు చూస్తున్నామని అనుకున్నాం కానీ, ఆయనకు అక్కడొక ఇల్లు అమరిందని ఎన్నడూ అనుకోలేదు. నాకు నిజంగా ఈర్ష్యగా ఉండింది.

గేటు బయట

బాపు ఉన్న క్యాంపు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఉంది. పార్కంటే చెట్లనుకొని చున్నీ, టోపీ సర్దుకొని బయల్దేరాను. ఫ్యాక్టరీలు, లారీలు, వరసగా ఒకే రంగు క్యాంపు బిల్డింగులు, కిటికీలకు అట్టముక్కలు. బాపు కాలంలో సెలవు శుక్రవారం ఉండేది, ఇప్పుడు ఆదివారం అయింది. బాపు మాత్రం ఇప్పటికీ శుక్రవారమే తలకు నూనె పెట్టుకుంటాడు.

గేటు మీద బోర్డుకు ఫోటో తీయబోయాను. సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడమ్, మమ్నూ." కూడదని అర్థం. ఆడవాళ్లు లోపలికీ పోగూడదు. బాపు ఇరవై ఏళ్లు పడుకున్న గది నేను నిలబడ్డ చోటికి రెండో అంతస్తులో ఎడమపక్కన ఉందట. కిందినుంచి చూడటమే.

అంతలో లోపలినుంచి ముగ్గురు వచ్చారు. రూములో పెద్దమనిషి గంగారాం, బాపు చెప్పే గంగన్న, జుట్టుకు పొద్దుటే రంగేసుకున్నట్టున్నాడు, చెవి మీద కూడా నల్లగా అంటింది. సత్తయ్య కొత్త చొక్కా మడతలు ఇంకా విప్పుకోలేదు. డ్రైవరు షబ్బీర్ నిజామాబాద్ మనిషి, ఒంటినిండా అత్తరు. ఫోనులో ముందే చెప్పాను, రూములో ఎట్లుంటరో అట్లనే రమ్మని. మా పెళ్లిచూపులకు కూడా మావారు ఇంత తయారై రాలేదు.

"లింగన్న తింటుండా బిడ్డా?" అన్నాడు గంగన్న, రాగానే.

"తినడు పెదబాపూ. మీరు వస్తెనే తింటా అంటడు."

ముగ్గురూ నేల చూశారు. షబ్బీర్ మొహం తిప్పుకొని, "యల్లా, యల్లా, ఫోటో తియ్యుండ్రి" అన్నాడు.

నా కోసం హోటల్ బిర్యానీ తెచ్చారు. కలిసి తిందామంటే ఒక్కరూ ముట్టలేదు. రోడ్డవతలి గోడ వారగా వరసగా నిలబడి, చేతులు తొడలకు ఆనించి, పాస్‌పోర్టు ఆఫీసులో లాగా బిగుసుకున్నారు. నవ్వమంటే ఇంకా బిగుసుకున్నారు. అట్లాగే తీసి ఇంటికి పంపాను.

సాయంత్రానికి అమ్మ ఫోన్ చేసింది. "చూపిచ్చిన బిడ్డా. చూసి లేచి నిలబడ్డడు. సేట్లు వచ్చిండ్రు, కుర్చీలెయ్యుండ్రి మేడమ్ అన్నడు. ఫోటో తీసేసిందాక కూసోలే. అన్నం సంగతే మర్చిపోయిండు." ఏడవకుండా చెప్పాలని చూసింది కానీ చెప్పలేకపోయింది.

ఫోటోలో పడకూడని గిన్నె

తర్వాతి ఆదివారం దాకా వాళ్లకు సెలవు లేదు. పోచన్న కొండలకు అవతల ఫుజైరాలో ఉన్నాడు, ఆయన్ను ఇంకా చూడనేలేదు. చేతిలో వారం ఉంది, మనసులో ఊరట లేదు. ఒక మధ్యాహ్నం ఊరి మధ్య క్రీకు ఒడ్డుకు పోయాను. ఒక్క దిర్హముకు చెక్క పడవలో అటు దించుతారు. ధర చూసి మళ్లీ ఇటు వచ్చాను, మళ్లీ అటు పోయాను. పడవ వాడు నన్ను గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టాక మానేశాను.

ఒడ్డున ఒక బంగ్లాదేశీ కార్మికుడు తన ఫోను నా చేతికిచ్చి ఫోటో తీయమన్నాడు. వయసు నలభై పైనే. అవతలి ఒడ్డున మెరిసే బిల్డింగులు వెనక రావాలట. చొక్కా లోపలికి దోపుకున్నాడు. టోపీ తీసి జుట్టు సర్దుకున్నాడు. పక్కనున్న అన్నం గిన్నెను కాలితో మెల్లగా దూరం జరిపాడు. తీయబోతుంటే, "ఆగండి మేడమ్" అని మళ్లీ వంగి దాన్ని ఇంకో మూర అవతలికి నెట్టాడు. ఇంటికి పోయే ఫోటో కదా.

మా ఇంట్లో అట్టపెట్టె నిండా ఉన్న బాపు ఫోటోలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ప్రతి ఫోటోలోనూ ఆ గిన్నె ఏ మూలకు జరిపి ఉంటాడో! బాపుకు ఇప్పుడు కావలసింది జరిపేసిన ఆ గిన్నె. నేనేమో ఆయనకు సేట్లను పంపాను.

గంగన్నకు ఫోన్ చేశాను. లుంగీలు, బనీన్లు, ఆ కంచాలు, ఆ కూర్చునే తీరు కావాలని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "అట్ల ఎట్లయితది బిడ్డా? ఆడబిడ్డ ముంగట బనీను మీద కూసుంటమా? రేపు లింగన్నకు మొహమెట్ల చూపియ్యాలె?"

"తినకపోతే ఆయన మీ మొహాలు చూసేదాక ఉండడనే కద పెదబాపూ నా ఏడుపు" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే లేచింది. బడి అలవాటు.

"సరే. పోచన్న కాడికి పోదాం" అన్నాడు.

ఫుజైరా దారి

ఆదివారం షబ్బీర్ ఎవరి కారో అడిగి తెచ్చాడు. వెనక సీట్లో గంగన్న, సత్తయ్య మళ్లీ ఇస్త్రీ చొక్కాల్లోనే ఉన్నారు. ఒళ్లో ప్లాస్టిక్ కవర్లలో లుంగీలు పెట్టుకున్నారు కానీ వాటి మాట ఎవరూ ఎత్తలేదు. ఇసుక అయిపోయాక కొండలు మొదలయ్యాయి. గడ్డిపోచ లేని కొండలు, కాలిన పెనం రంగు. సొరంగం దాటగానే సత్తయ్య కిటికీలోంచి చూపిస్తూ, "గీ రాళ్లే పొడిగొట్టి దుబాయ్ కట్టింది" అన్నాడు. ఫుజైరాలో సముద్రం మీద ఓడలు బారులు తీరి ఉన్నాయి, నూనె పోయించుకోవడానికి. మన బంకు ముందు ఆటోల వరసే. ఊరు నిమ్మళంగా ఉంది. దారి అడిగితే చాయ్ కొట్టాయన కొట్టు వదిలేసి మలుపు దాకా మాతో నడిచొచ్చాడు. దుబాయ్‌లో అట్లా ఎవరూ రాలేదు.

పోచన్న అక్కడ ఒక రాళ్ల యార్డుకు వాచ్‌మన్. చుట్టూ ప్రహరీ, మూలకు ఒక రేకుల గది. ఆదివారం పని ఉండదని ముదీర్‌ను, అంటే మేనేజరును, ముందే అడిగి పెట్టాడట. గేటు తీసిన మనిషి బక్కగా, లుంగీ పైకి కట్టి, భుజాన తువ్వాలతో ఉన్నాడు. నన్ను చూడగానే, "గులాబి గౌను పిల్ల గదా!" అన్నాడు.

నాకు ముప్ఫై అయిదు దాటాయి. తెల్ల వెంట్రుకలున్నాయి. అర్థంకాక గంగన్న వైపు చూశాను.

గంగన్న చెప్పాడు. ఆ రూములో ఒక పద్ధతి ఉండేది. ఎవరు కొత్తగా దిగినా మొదటిరోజు అన్నాలు తిన్నాక అందరూ చుట్టూ కూర్చొని, ఇంటి కాడ ఎవలెవలున్నరు, ఫోటో తెచ్చుకున్నవా, చూపియ్ అని అడుగుతారు. చూపించాలి. చూసి అందరూ పేర్లు నేర్చుకుంటారు. తర్వాత దాన్ని మంచం తలాపున గోడకు అతికించుకుంటారు. "నీ పేరు, మీ బడి పేరు, నీకు తట్టు పోసిన సంగతి, అన్ని మాకెరికే" అన్నాడు సత్తయ్య.

పోచన్న రేకుల గదిలోకి తీసుకుపోయాడు. ఆయన మంచం తలాపున గోడకు ఆ ఫోటో ఉంది. జగిత్యాల స్టూడియోలో తీయించింది. అమ్మ కుర్చీలో కూర్చుంది. పక్కన నేను, ఆరేడేళ్ల పిల్లను, గులాబి గౌను, రెండు జడలు. కరోనాలో బాపు తొందరగా పోతూ గోడ మీదే వదిలేశాడట. రూము ఖాళీ చేయించిననాడు పోచన్న నీళ్లతో తడిపి, చిరగకుండా ఊడదీసి వెంట తెచ్చుకున్నాడు. పోచన్నకు పిల్లల్లేరు.

"నీదే బిడ్డ, తీస్కపో" అని ఊడదీసి ఇచ్చాడు. గోడ మీద మిగిలిన బంక మరకను చేత్తో రుద్దాడు. నేను కాదనలేదు. కాదనాల్సిందేమో, ఇప్పటికీ తెలియదు.

లింగన్న జాగ

యార్డులో గోడ నీడన ప్లాస్టిక్ పట్టా పరిచారు. అన్నం గిన్నె, కోడికూర, పచ్చిపులుసు, ఖుబూస్ రొట్టెలు. లుంగీలు కట్టుకొని వచ్చారు కానీ చొక్కాలు విప్పలేదు. నా వైపు చూడరు, ముద్ద ఎత్తరు. మళ్లీ పాస్‌పోర్టు ఆఫీసే.

పోచన్న విసుక్కున్నాడు. "లింగన్న బిడ్డ అనుకుంటెనే గీ సిగ్గు. బిడ్డా, నువ్వొచ్చి లింగన్న జాగల కూసో. గిన్నె పక్కన. కూసున్నంక నువ్వు రూము మనిషివే. రూము మనిషి ముంగట సిగ్గేందిరా, ఖల్లీవల్లీ, ఇడిసిపెట్టుండ్రి!"

గిన్నె పక్కనెందుకని అడిగాను.

"వడ్డించేది లింగన్ననే కద. ఎవలు వండినా ఆయననే పెట్టాలె. అందరికి పెట్టి, ఆఖరుకు ఆయన తింటడు. ఇరువై ఏండ్లు గంతే."

గిన్నె పక్కన కూర్చుని గంటె చేతిలోకి తీసుకున్నాను. ఇంట్లో మేము రోజూ అందరికంటే ముందు ఆయనకే కంచం పెడుతున్నాం. పెద్దమనిషి అని, జబ్బు మనిషి అని. ఆకలితో ఉన్న మనుషుల కంటే ముందు తినడం ఆయనకు చేతకాదు. అది మాకు తెలియదు, ఇంత దూరం వస్తే తెలిసింది.

నీళ్ల క్యానుకు ఫోను ఆనించాను. దానంతట అదే తీస్తూ పోయేట్టు మా అబ్బాయి నేర్పిన పద్ధతి ఒకటుంది. వడ్డించడం మొదలుపెట్టాను. షబ్బీర్‌కు కూర ఎక్కువ పడింది. "లింగన్న గింత పెట్టకపోతుండె, ముక్కలు లెక్కబెట్టి ఏస్తుండె" అన్నాడు సత్తయ్య. "నాకు మాత్రం రొండెక్కువనే ఏస్తుండె" అన్నాడు షబ్బీర్. "నువ్వు అడుక్కుంటుంటివి గాబట్టి" అన్నాడు గంగన్న. నవ్వులు మొదలయ్యాయి. ఎండకు చెమట పట్టి, ఒకరి తర్వాత ఒకరు చొక్కాలు విప్పి గోడ మీద వేశారు. మూడో ముద్దకు ఫోనును మర్చిపోయారు. అందరూ అయ్యాక నేను పెట్టుకొని తిన్నాను. పచ్చిపులుసు అచ్చం బాపు చేసినట్టే ఉంది. లేదు, బాపు చేసేదే వీళ్లు చేసినట్టు ఉంటుంది. ఇంకో గంటె పోసుకున్నాను.

వచ్చేటప్పుడు పోచన్న గేటు మూస్తూ, "లింగన్నకు చెప్పు, నా వంతు సుత ఆయననే వడ్డియ్యమను" అన్నాడు.

ఇల్లు

జగిత్యాలలో ఫోటో పెద్దగా కడిగించి, అన్నం తినే గదిలో నేలకు దగ్గరగా గోడకు ఆనించాను. సాయంత్రం బాపు చెప్పులేసుకొని, "మేడమ్, పని ఖలాస్" అంటూ లోపలికి తొంగిచూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఓ... పోచన్న." వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపించాడు. "గంగన్న. సత్తయ్య. షబ్బీర్ గాడు, వీనికి ఎప్పటికి ఆకలే." వేలు గిన్నె పక్కన ఆగింది. "ఈమె ఎవలు? కొత్తగ దిగిందా?"

ఫోటోలో మొహం చూసి, పక్కనున్న నా మొహం చూశాడు. "నువ్వేనా?"

"నేనే."

"ఎన్నడొచ్చినవ్?"

"మొన్ననే."

చెప్పులు విప్పాడు. అమ్మ అన్నం గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టి, గంటె చేతికిచ్చింది. నాకు పెట్టాడు. "మేడమ్, మీరు సుత కూసోండ్రి" అని అమ్మకు పెట్టాడు. ఫోటో వైపు ఒకసారి చూసుకొని, అందరి ముందూ కంచాలు ఉన్నాయనిపించిందేమో, ఆఖరున తన కంచంలో పెట్టుకున్నాడు. తిన్నాడు. అమ్మ తల ఎత్తకుండా తింటోంది, కన్నీళ్లు కంచంలో పడుతున్నాయి.

"మొదట్ల ఇల్లు యాదికొస్తది" అన్నాడు నాతో. "అందరికి అట్లనే ఉంటది. ఏడిస్తే ఏడువు, అన్నం మాత్రం ఇడువకు."

చెయ్యి కడుక్కొని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఇంటి కాడ ఎవలెవలున్నరు?"

"అమ్మ ఉన్నది. బాపు ఉన్నడు."

"ఫోటో తెచ్చుకున్నవా? చూపియ్."

సంచిలోంచి ఆ ఫోటో తీసి ఇచ్చాను. దూరంగా పట్టుకొని చూశాడు, దగ్గరగా పట్టుకొని చూశాడు. బొటనవేలితో గౌను అంచు తడిమాడు. అమ్మ కంచం పక్కకు జరిపి ముందుకు వంగింది.

"మా బిడ్డకు సుత గిసొంటి గౌనే ఉండె" అన్నాడు. "నేనే కొనిచ్చిన."

ఫోటో నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూశాడు. "తలాపున అతికించుకో. రోజు చూసుకోవాలె. చూసుకోకుంటే మొహాలు మర్చిపోతం."

ఆ రోజే అతికించుకున్నాను.